కార్డు గీకి కొన్న వస్తువు పాడైతే: డబ్బు వెనక్కి రప్పించే దారుల్లో ఏది ముందు, ఏది తర్వాత

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో 42,000 పెట్టి లాప్‌టాప్ కొన్నారనుకోండి. నాలుగో రోజుకే తెర మీద నిలువు గీతలు. షాపుకి వెళ్తే ‘సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి’ అంటారు. సర్వీస్ సెంటర్‌లో ‘పార్టు రావాలి, పదిహేను రోజులు పడుతుంది’ అంటారు. కార్డు బ్యాంకుకి ఫోన్ చేస్తే ‘ముందు మర్చంట్‌తో మాట్లాడండి సార్’ అని పెట్టేస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ ఈ మూడు కౌంటర్ల చుట్టూ తిరిగేలోపు ఒక్కో దారికి ఉన్న గడువు ఒక్కొక్కటిగా అయిపోతుంది. డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే, హక్కు లేక కాదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ‘క్రెడిట్ కార్డుతో కొన్నాం కాబట్టి వస్తువు బాగోకపోతే బ్యాంకే డబ్బివ్వాలి’ అని చాలామంది నమ్ముతారు. ఇంగ్లండులో అలాంటి చట్టం ఉంది, మన దగ్గర లేదు. ఇక్కడ మీ చట్టబద్ధమైన హక్కు అమ్మినవాడి మీద, తయారు చేసిన కంపెనీ మీద. దానికి ఆధారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం. బ్యాంకు ద్వారా నడిచే చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బును వెనక్కి రప్పించే పద్ధతి, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే సంస్థలు బ్యాంకులతో, వ్యాపారులతో పెట్టుకున్న నిబంధన. అంటే కార్డు మీకు హక్కు ఇవ్వదు, పట్టు ఇస్తుంది. షాపు ఖాతాలోకి వెళ్లిన డబ్బును వెనక్కి లాగగలిగే పట్టు. నగదు ఇచ్చినవాడికి అది లేదు.

ఉన్న దారులు ఐదు: అమ్మినవాడు, కార్డు బ్యాంకు, వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 హెల్ప్‌లైన్, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్, వినియోగదారుల కమిషన్. వీటిలో ఏది గొప్పది అని అడగడం కంటే ఏ గడువు ముందు ముగుస్తుందో చూడటం మేలు. ఆన్‌లైన్ సైటు రిటర్న్ గడువు చాలా వస్తువులకు 7 నుంచి 10 రోజులు. బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ లావాదేవీ మీద అభ్యంతరం, పెట్టడానికి మీ కార్డు షరతుల పత్రంలో, అంటే ఎంఐటీసీలో, స్టేట్‌మెంట్ వచ్చినప్పటి నుంచి 30 లేదా 60 రోజులని ఉండొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో లోపమున్న వస్తువుకు సాధారణ గడువు 120 రోజులు. కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్లు. గడువు తక్కువున్న తలుపు ముందు తట్టాలి. రెండేళ్లున్న తలుపు ఎక్కడికీ పోదు.

అమ్మినవాడి దగ్గర

బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర ఉంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో తిరిగిస్తామంటే ఆ ముద్ర పనిచేస్తుందేమో గానీ, లోపమున్న వస్తువు విషయంలో పనిచేయదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అదే లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా సూటిగా చెబుతాయి: వస్తువు లోపంతో ఉన్నా, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. యాప్‌లో చాట్‌బాట్‌తో వాదించి అలసిపోయే బదులు, సైటు అడుగున ఉండే ఆ అధికారి మెయిల్‌కి ఒక్క ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం తేదీ నుంచే మీ కేసు మొదలైనట్టు.

షాపులో జరిగే పొరపాటు ఎక్కువగా నోటి మాట దగ్గర. ‘రేపు రండి, ఓనర్ ఉంటారు’ అన్న మాటకి సాక్ష్యం ఉండదు. వెళ్లి వచ్చిన సాయంత్రమే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో నాలుగు వాక్యాలు పంపండి: ఏ తేదీన, ఏ బిల్లు నంబరు మీద ఏం కొన్నారు, ఏ తేదీన ఏ లోపం కనబడింది, వస్తువు తిరిగి తీసుకుని డబ్బు అదే కార్డుకి వెయ్యమని అడుగుతున్నారు, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి. ఏడు రోజులు ఇస్తే చాలు. ‘వస్తువు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను’ అనే మాట తప్పకుండా ఉండాలి. బ్యాంకు తర్వాత వెతికేది ఆ వాక్యాన్నే.

సర్వీస్ సెంటర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ ఇచ్చే జాబ్ షీట్ మీకున్న సాక్ష్యాల్లో బలమైనది, కానీ అందులో ఏం రాశారన్నదే అసలు విషయం. ‘జనరల్ చెకప్’ అని రాస్తే దాని విలువ సున్నా. ‘తెర మీద నిలువు గీతలు, కొన్న 4వ రోజు నుంచి, పడిన గుర్తులు లేవు’ అని రాయించుకోండి. లోపం తొలి వారంలోనే బయటపడితే డీఓఏ, అంటే చేతికొచ్చేనాటికే పాడైనట్టు కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం, అడగండి. అది చేతిలో ఉంటే షాపు కొత్తది ఇవ్వడానికి పెద్దగా పేచీ పెట్టదు, ఎందుకంటే కంపెనీ వాళ్లకి కొత్త పీసు పంపిస్తుంది. అదే మీరు ‘సరే, బాగు చేయండి’ అని సంతకం పెట్టారంటే డబ్బు వాపసు అడిగే మాట పలచబడుతుంది. మరమ్మతుకు ఒప్పుకోవద్దని కాదు. ఒప్పుకునే ముందే ఏది కావాలో తేల్చుకోండి. ఎనిమిదో నెలలో ఫ్రిజ్ కంప్రెసర్ పోతే మరమ్మతే సరైన దారి. నాలుగో రోజున తెర పోతే కాదు.

క్రెడిట్ నోటు ఇస్తామంటే, వాలెట్‌లో వేస్తామంటే కూడా తొందరపడొద్దు. ఒకసారి తీసుకున్నారంటే ఆ లావాదేవీ మీద బ్యాంకులో పోరాడటానికి ఏమీ మిగలదు. డబ్బు వచ్చిన దారినే వెనక్కి పోవాలి, అంటే కార్డుకే.

‘రీఫండ్ చేసేశాం, మీ బ్యాంకే వెయ్యలేదు’ అని షాపు అంటే ఏఆర్‌ఎన్ అడగండి. కార్డు రీఫండ్‌కి వచ్చే 23 అంకెల నంబరు అది. నిజంగా రీఫండ్ చేసి ఉంటే వాళ్ల పేమెంట్ గేట్‌వే దగ్గర అది దొరుకుతుంది, ఆ నంబరు మీ బ్యాంకుకి చెబితే డబ్బు ఎక్కడ ఆగిందో కనుక్కుంటారు. నంబరు ఇవ్వలేకపోతున్నారంటే రీఫండ్ ఇంకా వాళ్ల సిస్టమ్ దాటలేదనే అనుకోవాలి.

బ్యాంకు దగ్గర: చార్జ్‌బ్యాక్

ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు ఒకటుంది. బ్యాంకు యాప్‌లో ‘డిస్ప్యూట్’ నొక్కగానే కారణాల జాబితా వస్తుంది. ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అన్నది మొదట్లోనే ఉంటుంది, అది నొక్కితే త్వరగా అవుతుందనుకుంటారు. అది మోసం కేసు. మూడు పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా, పది పనిదినాల్లో బ్యాంకు డబ్బు జమ చేయాలి అనే ఆర్‌బీఐ 2017 నిబంధనలు మీరు చేయని లావాదేవీలకే. మీరే ఓటీపీ కొట్టి, మీరే కార్డు గీకి కొన్న వస్తువుకి అది వర్తించదు. ఓటీపీ రికార్డు బ్యాంకు దగ్గర ఉంటుంది, ఫిర్యాదు కొట్టేస్తారు, పైగా కార్డు బ్లాక్ అయి కొత్తది వస్తుంది. ఆ తర్వాత అసలు కారణంతో మళ్లీ వెళ్లినా మీ మాటకి విలువ తగ్గి ఉంటుంది. ఎంచుకోవాల్సింది ‘వస్తువు లోపంతో ఉంది / చెప్పినట్టు లేదు’ అనే కారణం. వీసాలో దాని కోడ్ 13.3, మాస్టర్‌కార్డ్‌లో 4853. వస్తువు అసలు రాకపోతే వీసా కోడ్ 13.1, తిరిగిచ్చాక రీఫండ్ పడకపోతే 13.6. ఫోన్ ఎత్తిన వ్యక్తికి ఈ నంబర్లు చెబితే మాట త్వరగా డిస్ప్యూట్ విభాగానికి చేరుతుంది. రూపే కార్డయితే దాన్ని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ నిబంధనలు వేరు. వీసా లెక్కలు దానికి పట్టించకుండా బ్యాంకు చెప్పే గడువునే పాటించండి.

లోపమున్న వస్తువు కేసులో బ్యాంకు చూసేవి నాలుగు: లోపం ఏమిటో స్పష్టంగా రాశారా, ముందు షాపుని అడిగారా, వస్తువు తిరిగి ఇచ్చారా లేక ఇవ్వబోతే వద్దన్నారా, గడువులో ఉన్నారా. మూడోది తెలియకే ఎక్కువ కేసులు పోతాయి. వస్తువు వాడుకుంటూ డబ్బు వెనక్కి అడిగితే చెల్లదు. షాపు తీసుకోనంటే ‘ఫలానా తేదీన తిరిగి ఇవ్వడానికి తీసుకెళ్లాను, నిరాకరించారు’ అని వాళ్లకే మెయిల్ పెట్టి, ఆ మెయిల్‌ని బ్యాంకుకి జత చేయండి. తిరిగిచ్చాక రీఫండ్ వేయడానికి షాపుకు 15 రోజులు వదలడం వీసా పద్ధతి. కాబట్టి 110వ రోజు దాకా షాపు చుట్టూ తిరిగి అప్పుడు బ్యాంకుకి వెళ్తే లెక్క తప్పుతుంది. నెల రోజుల్లో తేలకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ పడిపోవాలి.

జతచేయాల్సినవి: జీఎస్టీ బిల్లు, కార్డు చార్జ్ స్లిప్, జాబ్ షీట్ లేదా డీఓఏ పత్రం, ఫొటోలు, షాపుతో నడిచిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, తేదీల వారీగా అర పేజీ వివరణ. చార్జ్ స్లిప్ థర్మల్ కాగితం మీద వస్తుంది, రెండు నెలలకే అక్షరాలు మాసిపోతాయి. కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోవడం అరనిమిషం పని. స్టేట్‌మెంట్‌లో షాపు పేరు బదులు పేమెంట్ గేట్‌వే పేరో, ఓనర్ సొంత సంస్థ పేరో కనబడొచ్చు. డిస్ప్యూట్ ఫారంలో స్టేట్‌మెంట్‌లో ఉన్న పేరునే రాసి, బిల్లు మీది పేరు పక్కన పెట్టండి.

ఆ తర్వాత జరిగేది ఇదీ. మీ బ్యాంకు చార్జ్‌బ్యాక్‌ని షాపు బ్యాంకుకి పంపుతుంది. షాపుకి జవాబిచ్చే గడువు ఉంటుంది. వాళ్లు బిల్లు, డెలివరీ సంతకం, రిటర్న్ పాలసీ చూపించి ఎదురు వాదించొచ్చు. ఈ మధ్యలో కొన్ని బ్యాంకులు తాత్కాలికంగా డబ్బు జమ చేస్తాయి. దాన్ని గెలుపు అనుకుని ఖర్చు పెట్టుకోవద్దు, షాపు వాదన నిలిస్తే మళ్లీ మీ ఖాతాలో ఖర్చుగా పడుతుంది. షాపు జవాబు కాపీ అడిగి తీసుకుని, అందులో తప్పుంటే పాయింటు వారీగా తిరిగి రాయండి. ‘డెలివరీ అయింది’ అని వాళ్లు రుజువు చూపిస్తే మీ వాదనకి నష్టమేమీ లేదు. డెలివరీ కాలేదని మీరు అనలేదు కదా, లోపం ఉందన్నారు. రెండో విడత జవాబు రాయక ఓడిపోయేవాళ్లు చాలామంది.

డిస్ప్యూట్ నడుస్తుండగా బిల్లు కట్టాలా వద్దా అనేది అందరికీ వచ్చే సందేహం. మోసం అని ఫిర్యాదు చేసిన మొత్తం మీద వివాదం తేలేదాకా చార్జీలు వేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. లోపమున్న వస్తువుకి ఆ రక్షణ లేదు. 42,000 ఆపితే నెలకు 3.5 శాతం వడ్డీ లెక్కన 1,470, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి దాదాపు 1,735. ఇంతటితో ఆగదు, పాత బాకీ పూర్తిగా కట్టకపోతే ఆ నెల కొన్న పాలు, పెట్రోలు ఖర్చులకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది. అందుకని బ్యాంకు ఆ మొత్తాన్ని విడిగా పెట్టినట్టు రాతపూర్వకంగా చెబితే తప్ప మొత్తం కట్టేయండి. కట్టినంత మాత్రాన చార్జ్‌బ్యాక్ అవకాశం పోదు. గడువు తేదీకి రెండు రోజుల ముందు యాప్ తెరిచి, షాపు వేసిన రీఫండ్ చెల్లించాల్సిన మొత్తంలో తగ్గిందో లేదో చూసుకోండి. తగ్గించాలన్నది నిబంధనే, కానీ తగ్గకపోతే ఆలస్య రుసుము పడేది మీకే.

ఈఎంఐ పెట్టి కొంటే

వస్తువు వెనక్కి వెళ్లినా ఈఎంఐ దానంతట అది ఆగదు. రీఫండ్ 42,000 కార్డులో పడుతుంది, నెల నెలా 7,000 వాయిదా మాత్రం నడుస్తూనే ఉంటుంది. రీఫండ్ పడిన రోజే బ్యాంకుకి ఫోన్ చేసి ఆ లోను రద్దు చేయమని చెప్పాలి. ఆలస్యమైతే కొన్ని బ్యాంకులు దాన్ని మీరు ముందుగా మూసేసిన లోనుగా చూసి ముందస్తు మూసివేత రుసుము వేస్తాయి. ‘నో కాస్ట్’ అని పేరే గానీ వడ్డీ ఉంటుంది, దానికి సరిపడా తగ్గింపు ధరలో ఇస్తారు. వడ్డీ 1,800 అనుకుంటే దాని మీద జీఎస్టీ 324 మీరే కడతారు. ప్రాసెసింగ్ ఫీజు, ఆ జీఎస్టీ సాధారణంగా వెనక్కి రావు. షాపు తప్పు వల్ల వచ్చిన నష్టం కాబట్టి వాటిని షాపు నుంచే అడగండి, కమిషన్ ఫిర్యాదులో పరిహారంగా రాయండి.

షోరూముల్లో కౌంటరు వేసుకుని కూర్చునే ఫైనాన్స్ కంపెనీల ఈఎంఐ కార్డు పూర్తిగా వేరే సంగతి. ప్లాస్టిక్ కార్డే అయినా అది క్రెడిట్ కార్డు కాదు, లోను ఖాతా. దానికి చార్జ్‌బ్యాక్ లేదు. డీలరు క్యాన్సిలేషన్ పంపితేనే లోను మూసుకుంటుంది. వాయిదాలు ఆపితే సిబిల్ దెబ్బతింటుంది. వెయ్యి రూపాయల డిస్కౌంట్ కోసం టీవీ దాని మీద తీసుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

1915, అంబుడ్స్‌మన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915 వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు. డబ్బేమీ కట్టక్కర్లేదు. డాకెట్ నంబరు వస్తుంది, ఫిర్యాదు కంపెనీకి వెళ్తుంది. వీళ్లకి ఆదేశాలిచ్చే అధికారం లేదు. అయినా పెద్ద ఈ-కామర్స్ సైట్లు, ఫోన్ల కంపెనీలు, ఏసీ, వాషింగ్ మెషీన్ కంపెనీల విషయంలో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ కంపెనీలు హెల్ప్‌లైన్‌తో నేరుగా అనుసంధానమై ఉంటాయి. మామూలు కస్టమర్ కేర్ ముట్టుకోని ఫిర్యాదు అక్కడ వేరే బల్ల మీదికి వెళ్తుంది. వీధి చివరి షాపు మీద దీని ప్రభావం తక్కువ. బ్యాంకులో డిస్ప్యూట్ నడుస్తున్నా 1915లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఒకవేళ రెండు వైపుల నుంచీ డబ్బు పడితే వెంటనే చెప్పి ఒకటి తిరిగిచ్చేయండి, లేదంటే తర్వాత లాగేసుకుంటారు, అప్పటికి మీ ఖాతాలో ఉండకపోవచ్చు.

ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు. లాప్‌టాప్ చెడిపోయిందని అక్కడ చెప్పుకుంటే వినరు. బ్యాంకు తన పని సరిగ్గా చేయలేదన్నదే అక్కడి విషయం: గడువులో పెట్టిన డిస్ప్యూట్‌ని బ్యాంకు పంపనే లేదు, షాపు జవాబు చూపించలేదు, బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లో వివరణ ఇవ్వలేదు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులు ఆగి, జవాబు రాకపోతే లేదా వచ్చింది నచ్చకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో పెట్టాలి. ఫీజు లేదు. 14448కి ఫోన్ చేసి అడగొచ్చు. ఒక మెలిక ఉంది: అదే విషయం కోర్టులోనో కమిషన్‌లోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి బ్యాంకు మీద కూడా గొడవ ఉంటే అంబుడ్స్‌మన్ ముందు, కమిషన్ తర్వాత.

వినియోగదారుల కమిషన్

నెమ్మదైన దారి ఇది, గట్టి దారీ ఇదే. చట్టం ప్రకారం వస్తువును ప్రయోగశాల పరీక్షకి పంపనక్కర్లేని కేసు మూడు నెలల్లో, పంపాల్సినది ఐదు నెలల్లో తేలాలి. ఆచరణలో ఏడాది దాటడం మామూలే. కానీ డబ్బు వాపసుతో పాటు వడ్డీ, పరిహారం, ఖర్చులు ఇప్పించగలిగేది ఇది ఒక్కటే. చార్జ్‌బ్యాక్‌లో మీరు కార్డు మీద కట్టిన దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ రాదు. నాసిరకం గీజరు వల్ల బాత్రూం గోడ పగిలితే గోడ ఖర్చు బ్యాంకు ఇవ్వదు, కమిషన్ ఇప్పిస్తుంది.

వస్తువు విలువ 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల లోపు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలకు 200. మీరు ఉండే చోటే వేయొచ్చు. సీటీసీలో కొన్న లాప్‌టాప్ మీద కర్నూలులో కేసు వేయడానికి అడ్డేమీ లేదు, హైదరాబాద్ షాపువాళ్లే కర్నూలు రావాలి. ఆ ఒక్క మాట నోటీసులో చదివాక రాజీకి వచ్చే షాపులున్నాయి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో, ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. ప్రతివాదులుగా షాపుని, తయారీ కంపెనీని, ఆన్‌లైన్ అయితే సైటుని కూడా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ‘బాధ్యత వాళ్లది’ అని పక్కవాళ్ల మీదికి నెట్టేస్తారు. నోటీసు అందాక వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, మరో 15 రోజులు కమిషన్ ఇవ్వొచ్చు, అంతకు మించి ఇవ్వడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అమ్ముకోవడానికో వ్యాపారానికో కొన్నవాళ్లు ‘వినియోగదారు’ కిందికి రారు. అయితే సొంత చేతి పని మీద బతికేవాళ్లకి మినహాయింపు ఉంది. టిఫిన్ సెంటర్ సొంతంగా నడుపుకునే మనిషి కొన్న గ్రైండర్ పాడైతే కమిషన్‌కి రావొచ్చు. పది బ్రాంచీల హోటల్ రాలేదు.

మరి మీ కేసులో ఏది?

లోపం మొదటి వారంలో కనబడి, ఆన్‌లైన్‌లో కొని ఉంటే సైటు రిటర్నే వేగం. ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని పాలసీలో ఉన్నా, మొదటి మార్పిడిలో కూడా అదే లోపం వస్తే డబ్బే అడగండి, రెండో మార్పిడికి ఒప్పుకోవద్దు. ప్రతి మార్పిడికీ బ్యాంకు గడువు కరిగిపోతూ ఉంటుంది. సైటు మూసేసుకుంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో చీర అమ్మి ఫోన్ ఎత్తకపోతే, నేరుగా చార్జ్‌బ్యాక్. అక్కడ కమిషన్ గెలిచినా వసూలు చేయడానికి మనిషి దొరకడు. నాలుగు నెలలు దాటాక బయటపడిన లోపానికి చార్జ్‌బ్యాక్ ఊసెత్తొద్దు, వారంటీ, 1915, ఆ తర్వాత కమిషన్. ‘ఫొటోలో కంటే రంగు వేరుగా ఉంది’ వంటి వాటికి బ్యాంకులో గెలవడం కష్టం. అదే పట్టుచీర అని చెప్పి పాలిస్టర్ చీర పంపితే గెలవొచ్చు, ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంటే.

సగం నగదు, సగం కార్డు ఇచ్చి ఉంటే చార్జ్‌బ్యాక్ కార్డు సగానికే. కార్డుతో వాలెట్‌లో డబ్బు వేసుకుని వాలెట్ నుంచి కొంటే చార్జ్‌బ్యాక్ దాదాపు లేనట్టే, కార్డు దృష్టిలో వాలెట్ నిండటంతోనే ఆ లావాదేవీ పూర్తయింది. డెబిట్ కార్డుకీ చార్జ్‌బ్యాక్ ఉంది, కాకపోతే ఈలోగా ఆగిపోయేది మీ సొంత డబ్బు. యూపీఐలో వ్యాపారి క్యూఆర్‌కి కాకుండా ఓనర్ వ్యక్తిగత నంబరుకి పంపితే వస్తువు లోపం గురించి బ్యాంకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ‘కార్డయితే 2 శాతం ఎక్కువండీ’ అనే షాపులో 42,000 మీద ఆ తేడా 840. తెలిసిన షాపు, చిన్న వస్తువు అయితే నగదే ఇచ్చేయొచ్చు. కొత్త షాపు, ఖరీదైన ఎలక్ట్రానిక్ వస్తువు అయితే బేరమాడి ఆ 2 శాతం తీయించుకుని కార్డే గీకడం మంచిది. తీయకపోతే కనీసం ఆ 840ని బిల్లులో వేయించండి, బిల్లులో లేని డబ్బు ఎవరూ వెనక్కి ఇప్పించలేరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి లెక్క మారిపోతుంది. అక్కడి 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల దాకా ధర ఉన్న వస్తువుకు క్రెడిట్ కార్డు బ్యాంకు అమ్మినవాడితో సమానంగా బాధ్యత వహించాలి. అడ్వాన్సు ఒక్కటే క్రెడిట్ కార్డు మీద కట్టినా మొత్తం ధరకీ ఆ రక్షణ వస్తుంది. డెబిట్ కార్డుకి రాదు. మీ కార్డు మీద అదనపు కార్డు తీసుకున్న భార్యో భర్తో తమకోసం కొంటే ఈ సెక్షన్ వర్తించకపోవచ్చు, పెద్ద కొనుగోళ్లు అసలు కార్డుదారు చేయడం మేలు. బ్యాంకు ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కి వెళ్లొచ్చు.

అమెరికాలో మన దగ్గరి పద్ధతికి పూర్తిగా తిరగేసిన నియమం ఒకటుంది. నాణ్యత వివాదంలో అక్కడి చట్టం మీరు ఇంకా కట్టని మొత్తానికే రక్షణ ఇస్తుంది, కాబట్టి ఆ మొత్తం ముందే కట్టేస్తే చట్టం ఇచ్చే ఆ బలం పోతుంది. వస్తువు 50 డాలర్లకు మించి, మీ రాష్ట్రంలో లేదా ఇంటికి 100 మైళ్ల లోపు కొన్నదై ఉండాలి. వస్తువు అసలు రాకపోవడం వంటి బిల్లు తప్పులకైతే స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పాలి.

డాలస్‌లో ఉన్న కొడుకు తన అమెరికా కార్డుతో గుంటూరులో అమ్మానాన్నలకి ఫ్రిజ్ కొనిపెడితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. చార్జ్‌బ్యాక్ కొడుకే పెట్టాలి, కార్డు అతనిది. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లు కూడా మన చట్టంలో వినియోగదారులే కాబట్టి, గుంటూరు కమిషన్‌లో ఫిర్యాదు అమ్మానాన్నలే వేయొచ్చు. బిల్లు మాత్రం మొదటి రోజే ఇద్దరి దగ్గరా ఉండాలి. కొడుకు మెయిల్‌లో ఒకటి, గుంటూరు ఇంట్లో బీరువాలో ఒకటి.